కోతలు మొదలయ్యేలోపు కాటా డేటాబేస్‌కి కాపలా: పోస్ట్‌గ్రెస్‌కి జాబిక్స్ ప్లగిన్ పెట్టే పద్ధతి

నెల్లూరు జిల్లాలో రబీ కోతలు మార్చిలో ఊపందుకుంటాయి. అప్పటిదాకా నింపాదిగా నడిచిన మిల్లు కాటా ఒక్కసారిగా రాత్రీ పగలూ పనిచెయ్యాల్సి వస్తుంది. ఏడాదంతా కిక్కురుమనని డేటాబేస్ సరిగ్గా ఆ వారమే మొరాయిస్తుంది. అప్పుడు గుమస్తా ఫోన్ ఇట్లా ఉంటుంది: "సార్, స్లిప్పు రాలా. గుండ్రంగా తిరగతా ఉండాది. లారీలు గేటు దాకా నిలబడుండాయి." పాపం, ఆయనకు కనిపించింది ఆయన చెప్పాడు. డిస్కు నిండిందా, కనెక్షన్లు అయిపోయాయా, కరెంటు పోయి సర్వరే ఆగిందా అన్నది మాత్రం మనం బండేసుకుని అక్కడికి పోతే తప్ప తెలీదు. పుట్టికి ఇంత అని (మన దగ్గర పుట్టంటే 850 కిలోలు) లెక్కకట్టే చోట తూకం స్లిప్పు ఆగిందంటే రైతుకీ మిల్లుకీ మాటామాటా పెరగడానికి ఎంతోసేపు పట్టదు.

కోవూరు, బుచ్చి వైపు ఉండే ఒక మామూలు మిల్లును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒక కంప్యూటర్‌లో ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం), దాంతోపాటే వచ్చే పోస్ట్‌గ్రెస్ 16 (తూకాలు దాచే డేటాబేస్), కాటా సాఫ్ట్‌వేర్, ఆఫీసులో నాలుగైదు పీసీలు. చీమకుర్తి గ్రానైట్ యార్డుకైనా, ఒంగోలు ఆసుపత్రి బిల్లింగ్‌కైనా పద్ధతి ఇదే. కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌గా జాబిక్స్ 7.0 తీసుకుంటున్నాను. 2024 జూన్‌లో వచ్చిన దీర్ఘకాల మద్దతు వెర్షన్ ఇది, 5 ఏళ్ళపాటు దిద్దుబాట్లు వస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు. గ్రాఫులు అందంగా కావాలంటే ప్రోమిథియస్, గ్రాఫానా జోడీ బాగుంటుంది. కానీ చిన్నచోట అలర్టులు, గ్రాఫులు, టెంప్లేట్లు (ఏమేం చూడాలో ముందే రాసిపెట్టిన జాబితాలు) అన్నీ ఒకేచోట దొరకాలంటే నా ఓటు జాబిక్స్‌కే.

కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఫోన్లో ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు ఎట్లా పలుకుతామో అట్లాగే రాశాను. టైపు చేసేది మాత్రం ఇంగ్లీషులోనే: కమాండ్లు చిన్నక్షరాల్లో, సెట్టింగుల పేర్లు ఫైలులో ఎట్లా ఉంటే అట్లాగే.

ఏది ఎక్కడ ఉండాలి

ముందు ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటిది మిల్లులోని డేటాబేస్ కంప్యూటర్. దాంట్లో జాబిక్స్ ఏజెంట్ 2 (ఆ కంప్యూటర్ లెక్కలు తీసే చిన్న ప్రోగ్రామ్), దానికి తగిలించే పోస్ట్‌గ్రెస్ ప్లగిన్ ఉంటాయి. రెండోది మిల్లులోనే ఉండే జాబిక్స్ ప్రాక్సీ. ఏజెంట్ దగ్గర లెక్కలు తీసుకుని బయటికి పంపడం దీని పని. వేరే పాత పీసీ ఉంటే దాంట్లో పెట్టండి, లేకపోతే డేటాబేస్ కంప్యూటర్‌లోనే పెట్టినా నడుస్తుంది. మూడోది జాబిక్స్ సర్వర్. లెక్కలన్నీ చేరేదీ, అలర్టులు పంపేదీ ఇదే. ఇది మిల్లులో ఉండకూడదు.

ఎందుకంటే కరెంటు పోయినా, నీళ్ళొచ్చినా కాపలావాడు కూడా దొంగతనం జరిగిన గదిలోనే బందీ అయిపోతాడు. 2021 నవంబర్‌లో పెన్నా వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కూడా తెగింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడూ జిల్లా అంతా వానే. అట్లాంటి రోజున మిల్లు నుంచి సమాచారం ఆగిపోయిందన్న సంగతి చెప్పడానికైనా బయట ఒకటి బతికుండాలి. 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుంటే నాలుగైదు మిల్లులకు సరిపోతుంది. సర్వర్ ఇన్‌స్టలేషన్ జోలికి ఇక్కడ పోవడం లేదు. జాబిక్స్ వాళ్ళ డౌన్‌లోడ్ పేజీలో వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం ఎంచుకుంటే ఏ వరుసలో ఏ కమాండ్ కొట్టాలో అదే చూపిస్తుంది.

మధ్యలో ప్రాక్సీ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఊళ్ళలో కేబుల్ వాళ్ళిచ్చే ఫైబర్ కనెక్షన్లకు చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరగల అడ్రసు) ఉండదు, కాబట్టి బయటి సర్వర్ లోపలికి వచ్చి ఏజెంట్‌ని అడగలేదు. ప్రాక్సీని యాక్టివ్ మోడ్‌లో పెడితే అదే లోపలి నుంచి సర్వర్‌కి 10051 పోర్టు మీద కనెక్ట్ అవుతుంది. మిల్లు రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. పైగా నెట్ పోయినప్పుడు లెక్కలు తన దగ్గర దాచుకుని, వచ్చాక పంపేస్తుంది. డేటాబేస్ పోర్టు 5432ని ఇంటర్నెట్‌కి తెరిచి దూరం నుంచి చూసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు.

డేటాబేస్‌లో విడి యూజర్

కాపలాకి పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌ని వాడితే పని తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతికైనా చిక్కితే తూకాలే మార్చెయ్యొచ్చు. చూడటానికి మాత్రమే హక్కున్న యూజర్‌ని విడిగా తయారుచెయ్యండి.

టెర్మినల్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా మారి పీఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) తెరవండి. క్రియేట్ యూజర్ కమాండ్‌తో జెడ్‌బీఎక్స్ అండర్‌స్కోర్ మానిటర్ అనే పేరుతో, పొడవాటి పాస్‌వర్డ్‌తో యూజర్‌ని సృష్టించండి. టెంప్లేట్ వివరణలో ఉండేదీ ఈ పేరే కాబట్టి ఇదే పెట్టుకుంటే తర్వాత తికమక ఉండదు. పాస్‌వర్డ్‌లో కొటేషన్ గుర్తులు, కామాలు వద్దు. తర్వాత గ్రాంట్ కమాండ్‌తో పీజీ అండర్‌స్కోర్ మానిటర్ అనే రోల్‌ని (కొన్ని హక్కుల మూట) ఈ యూజర్‌కి ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఈ రోల్ ముందే తయారుగా ఉంటోంది. గణాంకాల వ్యూలన్నీ చదవనిస్తుంది, కాటా టేబుళ్ళ జోలికి మాత్రం పోనివ్వదు.

ఇంకొక్క పని ఉంది, చాలా గైడ్లలో ఇది కనిపించదు. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ మామూలుగా 100. అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టి ఉంటాయి. మిగిలిన 97ని కాటా సాఫ్ట్‌వేర్ మింగేస్తే, "కనెక్షన్లు నిండాయి" అని చెప్పాల్సిన మన కాపలా యూజర్‌కే లోపలికి దారి ఉండదు. వెర్షన్ 16లో దీనికి మందు వచ్చింది. సెట్టింగుల ఫైలులో రిజర్వ్‌డ్ కనెక్షన్స్ అనేదానికి 3 ఇచ్చి, పీజీ యూజ్ రిజర్వ్‌డ్ కనెక్షన్స్ అనే రోల్‌ని కాపలా యూజర్‌కి గ్రాంట్ చెయ్యండి. మాటల మధ్య అండర్‌స్కోర్లు మరవొద్దు. దీనికి డేటాబేస్ ఒకసారి రీస్టార్ట్ కావాలి, అందుకని కాటా ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యండి. 15 లేదా అంతకన్నా పాతదైతే ఈ సౌకర్యం లేదు. అక్కడ కనెక్షన్ల అలర్టు పరిమితిని ఇంకాస్త కిందకి దించుకోవాలి.

ఇక పీజీ హెచ్‌బీఏ ఫైలు. ఎవరు ఎక్కడి నుంచి లోపలికి రావచ్చో రాసి ఉండేది ఇందులోనే. ఉబుంటులో 127.0.0.1 (అంటే ఆ కంప్యూటరే) నుంచి వచ్చేవాళ్ళని పాస్‌వర్డ్ అడిగే వరుస ముందే ఉంటుంది కాబట్టి మామూలుగా దీన్ని ముట్టుకోనక్కర్లేదు. అయినా ఒకసారి తెరిచి చూడండి. కొందరు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తలనొప్పి ఎందుకని అన్ని వరుసల్లో ట్రస్ట్ అని పెట్టి పోతుంటారు. ట్రస్ట్ అంటే పాస్‌వర్డ్ అడగడమే ఉండదు. అట్లా కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళతో మాట్లాడి స్క్రామ్ పద్ధతికి (పాస్‌వర్డ్ అడిగేది) మార్పించండి. ఈ ఫైలులో వరుసల్ని పైనుంచి కిందకి చూసుకుంటూ వచ్చి, మొదట సరిపోయిన దగ్గరే ఆగిపోతుంది. అందుకే కొత్త వరుస అడుగున రాసి పనిచెయ్యడం లేదని జుట్టు పీక్కునేవాళ్ళు ఎక్కువ. మార్చాక రీలోడ్ చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు.

ఏజెంట్, దాని ప్లగిన్

జాబిక్స్ వాళ్ళ రిపాజిటరీని (ప్యాకేజీలు దొరికే చోటు) ఉబుంటుకి జతచేసి, మొత్తం అక్కడి నుంచే తీసుకోండి. ఒకటి ఉబుంటు రిపాజిటరీ నుంచి, ఇంకొకటి జాబిక్స్ నుంచి తెస్తే వెర్షన్లు కలవవు. ఇన్‌స్టాల్ చెయ్యాల్సిన ప్యాకేజీలు మూడు: జాబిక్స్ ఏజెంట్ 2, దాని పోస్ట్‌గ్రెస్ ప్లగిన్, చేత్తో పరీక్షించుకోవడానికి జాబిక్స్ గెట్. మైఎస్‌క్యూఎల్ ప్లగిన్ ఏజెంట్ 2 లోపలే ఉంటుంది, పోస్ట్‌గ్రెస్‌ది మాత్రం విడి ప్యాకేజీ. ఏజెంట్ ఒక్కటే పెట్టేసి, టెంప్లేట్ తగిలించి, అంతా ఎర్రగా కనిపిస్తోందేమిటని వెతుక్కునేవాళ్ళలో ఎక్కువమందికి జరిగేది ఇదే. పేరులో 2 లేని పాత ఏజెంట్ కూడా రిపాజిటరీలో ఉంటుంది. దానికి ఈ ప్లగిన్ తగలదు.

విండోస్ మీద డేటాబేస్ నడుపుతుంటే ఏజెంట్ 2కీ ప్లగిన్లకీ వేర్వేరు ఇన్‌స్టాలర్లు ఉంటాయి. మిగతాదంతా ఇంతే.

తర్వాత ఈటీసీ, జాబిక్స్ ఫోల్డర్‌లో ఉన్న ఏజెంట్ 2 సెట్టింగుల ఫైలు తెరవండి. సర్వర్ అనే వరుసలో ప్రాక్సీ ఉన్న కంప్యూటర్ ఐపీ రాయాలి. ప్రాక్సీ కూడా ఇదే మిషన్‌లో ఉంటే 127.0.0.1 చాలు. వేరే మిషన్‌లో ఉన్నా 127.0.0.1ని కామా పెట్టి కలపండి, లేకపోతే మన పరీక్షనే ఏజెంట్ తిప్పికొడుతుంది. హోస్ట్‌నేమ్ వరుసలో ఈ కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టండి. పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడాతో సహా వెబ్ తెరలో కూడా అదే పేరు ఇవ్వాలి.

పాస్‌వర్డ్‌ని వెబ్ తెరలో కూడా పెట్టొచ్చు. నేను మాత్రం మిల్లు మిషన్‌లోనే ఉంచమంటాను. ఏజెంట్ 2 ఫోల్డర్‌లో ప్లగిన్స్ డాట్ డీ అనే చోట పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల ఫైలు ఒకటి ఉంటుంది. అందులో సెషన్స్ అనే భాగం కింద ఒక పేరు, కాటా అనుకోండి, పెట్టి దానికి మూడు వరుసలు రాయాలి: యూఆర్‌ఐ (టీసీపీ, తర్వాత 127.0.0.1, పోర్టు 5432), యూజర్, పాస్‌వర్డ్. ఆ ఫైలు జాబిక్స్ యూజర్ తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్ బిగించండి. ఇక సర్వర్ తెర తెరిచే నలుగురికీ పాస్‌వర్డ్ కనిపించే ప్రమాదం ఉండదు. ఏజెంట్‌ని రీస్టార్ట్ చెయ్యండి.

చేత్తో ఒకసారి అడిగి చూడటం

వెబ్ తెర దాకా పోకముందే ఇక్కడ నిర్ధారించుకోవాలి. జాబిక్స్ గెట్‌తో 127.0.0.1 ని పీజీఎస్‌క్యూఎల్ డాట్ పింగ్ అనే కీ (మనం అడిగే లెక్క పేరు) అడగండి. కీ పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో సెషన్ పేరు కాటా ఇవ్వండి. జవాబు 1 వస్తే డేటాబేస్ పలుకుతోందని అర్థం.

1 రాలేదంటే ఏం వచ్చిందో చూడాలి. అన్‌నోన్ మెట్రిక్ అని వస్తే ప్లగిన్ ప్యాకేజీ లేదు, లేదా పెట్టాక ఏజెంట్‌ని రీస్టార్ట్ చెయ్యలేదు. యాక్సెస్ రిస్ట్రిక్షన్స్ చూసుకోమంటే ఏజెంట్ ఫైలులో సర్వర్ వరుస తప్పు. 0 వస్తే ఏజెంట్, ప్లగిన్ రెండూ బాగున్నాయి, తలుపు తియ్యనిది డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ లాగ్ చివరి వరుసలు చదవండి. పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ అంటే పాస్‌వర్డ్ తేడా, పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ లేదు అంటే ఇందాకటి ఫైలు సంగతి. ఇక్కడ 1 రాకుండా ముందుకు పోతే అదే తప్పుని ప్రాక్సీ, సర్వర్, టెంప్లేట్ అన్నిటిలో వెతకాల్సి వస్తుంది.

ప్రాక్సీ

ఎస్‌క్యూలైట్‌తో (ఒకే ఫైలులో ఇమిడే చిన్న డేటాబేస్) వచ్చే ప్రాక్సీ ప్యాకేజీ చాలు, దానికి విడి డేటాబేస్ అక్కర్లేదు. సెట్టింగుల ఫైలులో ప్రాక్సీ మోడ్ 0 అంటే యాక్టివ్. సర్వర్ దగ్గర క్లౌడ్ సర్వర్ అడ్రసు, హోస్ట్‌నేమ్ దగ్గర ప్రాక్సీ పేరు. డీబీనేమ్ దగ్గర మాత్రం పేరు కాదు, ఫైలు పూర్తి దారి రాయాలి. జాబిక్స్ యూజర్ రాయగల ఫోల్డర్‌లో ఉండాలి, ఫైలుని అదే సృష్టించుకుంటుంది.

మార్చి తీరాల్సిన సెట్టింగ్ ప్రాక్సీ ఆఫ్‌లైన్ బఫర్. నెట్ లేనప్పుడు ఎన్ని గంటల లెక్కలు దాచుకోవాలో చెప్పేది ఇదే, మామూలుగా 1 గంటే ఉంటుంది. గట్టిగా గాలి వీస్తే ఇక్కడ ఫైబర్ పొద్దుటికి గానీ రాదు. 72 పెట్టండి.

ప్రాక్సీకీ సర్వర్‌కీ మధ్య దారి ఇంటర్నెట్ కాబట్టి తాళం వెయ్యాలి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌తో 32 బైట్ల ర్యాండమ్ కీ పుట్టించి ఒక ఫైలులో పెట్టి, టీఎల్‌ఎస్ కనెక్ట్ దగ్గర పీఎస్‌కే (రెండు వైపులా ఒకే కీ పెట్టే పద్ధతి) అని రాసి, కీ ఫైలు దారి, ఐడెంటిటీ పేరు ఇవ్వండి. ఐడెంటిటీ పేరు తాళం వెయ్యకుండానే ప్రయాణిస్తుంది కాబట్టి అందులో మిల్లు పేరూ ఊరి పేరూ వద్దు. సర్వర్ వెబ్ తెరలో అడ్మినిస్ట్రేషన్ కింద ప్రాక్సీస్‌లోకి వెళ్ళి అదే పేరుతో, యాక్టివ్ మోడ్‌తో ప్రాక్సీ సృష్టించి, ఎన్‌క్రిప్షన్ ట్యాబ్‌లో అదే ఐడెంటిటీ, అదే కీ ఇవ్వండి. ప్రాక్సీ స్టార్ట్ చేశాక చివరిసారి ఎప్పుడు కనిపించిందో చూపే గడిలో సెకన్లు కనిపిస్తే దారి పడినట్టే.

రెండు మిషన్లలోనూ గడియారం సరిగ్గా ఉండాలి. క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) పెట్టండి. పాత పీసీలో మదర్‌బోర్డ్ బ్యాటరీ చచ్చిపోయి కరెంటు వచ్చినప్పుడల్లా సమయం వెనక్కి పోతుంటే, అన్నీ బాగున్నా సమాచారం రాలేదన్న అలర్టులు మోగుతూనే ఉంటాయి.

వెబ్ తెరలో హోస్ట్

హోస్ట్ అంటే మనం కాపలా కాసే కంప్యూటర్. డేటా కలెక్షన్, హోస్ట్స్, క్రియేట్ హోస్ట్. పేరు ఏజెంట్ ఫైలులో రాసిందే. మానిటర్డ్ బై దగ్గర మన ప్రాక్సీ. ఇంటర్‌ఫేస్ ఏజెంట్, ఐపీ 127.0.0.1 (ప్రాక్సీ వేరే మిషన్‌లో ఉంటే డేటాబేస్ మిషన్ ఐపీ), పోర్టు 10050. టెంప్లేట్లు రెండు: పోస్ట్‌గ్రెస్ బై జాబిక్స్ ఏజెంట్ 2, లినక్స్ బై జాబిక్స్ ఏజెంట్. రెండోది డిస్కు, మెమొరీ కోసం.

మాక్రోస్ ట్యాబ్‌లో ఇన్‌హెరిటెడ్ మాక్రోలు (టెంప్లేట్‌లో మనం నింపాల్సిన విలువలు) తెరిచి, పీజీతో మొదలయ్యే కనెక్షన్ స్ట్రింగ్ మాక్రోకి సెషన్ పేరు కాటా ఇవ్వండి. యూజర్, పాస్‌వర్డ్ మాక్రోలని ఖాళీ చెయ్యండి. సెషన్ పేరు ఇచ్చినప్పుడు ఆ రెండూ ఖాళీగా ఉండి తీరాలి. కొద్ది నిమిషాలాగి మానిటరింగ్ కింద లేటెస్ట్ డేటా చూస్తే అంకెలు వస్తుంటాయి. పోస్ట్‌గ్రెస్ 17 వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఆ వెర్షన్‌లో చెక్‌పాయింట్ (మెమొరీలోని మార్పుల్ని డిస్కు మీదకి రాసే పని) లెక్కలు వేరే వ్యూలోకి మారాయి. ప్లగిన్ పాతదైతే ఆ ఐటంలు (జాబిక్స్ తీసే ఒక్కో లెక్క) రావు, కాబట్టి తాజాది పెట్టండి.

ఇక్కడితో ప్లగిన్ పెట్టడం అయిపోయింది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా. ఒక వారం టెంప్లేట్‌లో వచ్చిన అలర్టులన్నీ ఫోన్‌లో టింగు టింగుమంటాయి, రెండో వారం ఆ గ్రూపుని మ్యూట్‌లో పెడతారు, మూడో వారం నిజంగా డిస్కు నిండినప్పుడు ఎవరూ చూడరు.

ఏ అలర్టులు ఉంచాలి

టెంప్లేట్ ప్రపంచంలో అందరి కోసం రాసింది. క్యాష్ హిట్ రేషియో (డిస్కుకి పోకుండా మెమొరీలోనే దొరికిన వాటి శాతం) తగ్గిందంటుంది. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కాసేపు అది తగ్గుతుంది, దానికి అర్ధరాత్రి ఎవరినీ లేపనక్కర్లేదు. అడిగి చేయించిన చెక్‌పాయింట్లు ఎక్కువయ్యాయంటుంది. నెలాఖరు లెక్కలు ఒకేసారి ఎక్కిస్తే అవుతాయి మరి. ట్రాన్సాక్షన్ ఐడీల (ప్రతి మార్పుకీ పోస్ట్‌గ్రెస్ ఇచ్చే వరుస నెంబర్ల) వయసు పెద్ద బ్యాంకుకి భయపడాల్సిన సంగతే గానీ, రోజుకి కొన్ని వందల స్లిప్పుల కాటా వాటి హద్దయిన 200 కోట్ల దాకా పోవాలంటే మన మనవలు రావాలి. గ్రాఫులు ఉండనివ్వండి, ఈ ట్రిగ్గర్లని (అలర్టు మోగించే షరతులు) హోస్ట్ మీద డిసేబుల్ చెయ్యండి.

వాటి బదులు సొంతంగా కొన్ని రాసుకోండి, తెలుగులోనే. టెంప్లేట్ నుంచి వచ్చిన ట్రిగ్గర్ పేరు హోస్ట్ మీద మార్చనివ్వదు, కానీ మనం కొత్తగా రాసే ట్రిగ్గర్‌కి పేరు, వివరణ ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. గుమస్తా ఫోన్‌కి వచ్చే మాట ఇట్లా ఉంటే ఆయనకి పనికొస్తుంది: "కాటా కంప్యూటర్ డిస్కు నిండుతోంది. ఏ ఫైలూ డిలీట్ చెయ్యొద్దు. సిస్టం మనిషికి ఫోన్ చెయ్యండి."

డేటాబేస్ పలకడం లేదు. పింగ్ ఐటం మీద, గడిచిన 3 నిమిషాల్లో గరిష్ఠం 0 అయితే మోగాలి. ఒక్కసారి 0 రాగానే మోగిస్తే రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ గోల. తీవ్రత హై.

కనెక్షన్లు నిండుతున్నాయి. మొత్తం కనెక్షన్ల శాతం ఐటంలో 5 నిమిషాల కనిష్ఠం 80 దాటితే. ఈ అలర్టు వచ్చినప్పుడు మ్యాక్స్ కనెక్షన్స్‌ని 100 నుంచి 500కి పెంచేసి చేతులు దులుపుకునేవాళ్ళుంటారు. సాఫ్ట్‌వేర్ కనెక్షన్ తెరిచి మూయడం మర్చిపోతోందంటే 500 కూడా నిండుతాయి, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ఏ పీసీ నుంచి ఎన్ని ఉన్నాయో పీజీ స్టాట్ యాక్టివిటీ వ్యూలో చూసి సాఫ్ట్‌వేర్ వాళ్ళని నిలదియ్యండి.

ట్రాన్సాక్షన్ మధ్యలో ఆగిన కనెక్షన్. కాటా దగ్గర ఎక్కువగా దెబ్బకొట్టేది ఇదేనని నా అభిప్రాయం. లోడు బండి మొదటి తూకం అయ్యాక, అన్‌లోడ్ అయి ఖాళీ బండి వచ్చినప్పుడు అదే స్లిప్పుని తెరిచి రెండో తూకం వెయ్యాలి. ఆఫీసులో ఇంకొకరు బండి నెంబర్ దిద్దడానికి ఆ స్లిప్పుని తెరిచి, సేవ్ కొట్టకుండా టీకి పోయారనుకోండి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా రాయకపోతే ఆ వరుస మీద తాళం అట్లాగే ఉండిపోతుంది. కాటా దగ్గరివాళ్ళు ఎన్నిసార్లు ఎంటర్ కొట్టినా గుండ్రంగా తిరుగుతుంటుంది. సర్వర్‌లో సీపీయూ ఖాళీ, డిస్కు ఖాళీ, అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. పట్టిచ్చేది ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ లెక్క ఒక్కటే. 10 నిమిషాల కనిష్ఠం 0 కంటే ఎక్కువుంటే మోగించండి. అలర్టు నమ్మకంగా పనిచేస్తోందని తేలాక, పోస్ట్‌గ్రెస్‌లో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్‌కి 15 నిమిషాలు ఇచ్చేస్తే అట్లాంటి కనెక్షన్ని అదే తెంపేస్తుంది. మామూలుగా అది 0, అంటే ఎప్పటికీ తెంపదు. మార్చేముందు సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక మాట చెప్పండి.

డిస్కు. ఖాళీ 15 శాతం కంటే తగ్గితే ఒకటి, టైమ్‌లెఫ్ట్ ఫంక్షన్‌తో ఇదే వేగంలో 7 రోజుల్లోపు నిండేట్టుంటే ఇంకొకటి. రెండోదే అసలు ఉపయోగం. డిస్కు హఠాత్తుగా నిండుతోందంటే ముందు చూడాల్సింది పీజీ వాల్ ఫోల్డర్ (మార్పుల చిట్టా ఉండే చోటు). ఎప్పుడో ప్రయోగానికి పెట్టి వదిలేసిన రెప్లికేషన్ స్లాట్ (వేరే మిషన్‌కి నకలు పంపడానికి పెట్టేది) ఉంటే వాల్ ఫైళ్ళు పేరుకుపోతూనే ఉంటాయి. వాటిని చేత్తో మాత్రం డిలీట్ చెయ్యకండి, డేటాబేస్ మళ్ళీ లేవకపోవచ్చు. పనికిరాని స్లాట్‌ని తీసేస్తే అవే తగ్గుతాయి.

బ్యాకప్ రాలేదు. ప్లగిన్‌కి సంబంధం లేదు గానీ ఏజెంట్ ఉన్నాక ఇది పెట్టకపోవడం అన్యాయం. రాత్రి పీజీ డంప్ (డేటాబేస్ నకలు తీసే) స్క్రిప్టు విజయవంతంగా ముగిసినప్పుడు మాత్రమే ఒకే పేరున్న ఒక చిన్న ఫైలుని టచ్ చేసేలా చివర్లో ఒక వరుస కలపండి. ఆ ఫైలు మార్పు సమయాన్ని వీఎఫ్‌ఎస్ ఫైల్ టైమ్ ఐటంతో చూసి, 26 గంటలు దాటితే మోగించండి. డంప్ ఫైలు సైజుకి కూడా ఒక ఐటం పెడితే మంచిది. 0 బైట్ల బ్యాకప్‌లు రోజూ టంచనుగా వస్తుండే చోట్లు ఉంటాయి.

మిల్లు నుంచి సమాచారమే లేదు. ఇది సర్వర్ వైపు నుంచి. జాబిక్స్ సర్వర్ హెల్త్ టెంప్లేట్ ప్రతి ప్రాక్సీ చివరిసారి ఎప్పుడు కనిపించిందో చూస్తుంది. 15 నిమిషాలు దాటితే చాలు. మన దగ్గర ఇది ఎక్కువసార్లు కరెంటో నెట్టో అయ్యుంటుంది కాబట్టి తీవ్రత మోస్తరుగానే, అంటే యావరేజ్, పెట్టండి.

ఫోన్‌కి చేరవెయ్యడం

ఎస్‌ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీలో (వ్యాపార ఎస్‌ఎంఎస్‌ల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) సంస్థని, మెసేజ్ నమూనాని రిజిస్టర్ చేయించాలి. చిన్న మిల్లుకి అంత తిప్పలు అక్కర్లేదు, టెలిగ్రామ్ చాలు. బాట్‌ఫాదర్ (టెలిగ్రామ్‌లోనే బాట్లు తయారుచేసిచ్చే ఖాతా) దగ్గర కొత్త బాట్ తీసుకుంటే టోకెన్ ఇస్తుంది. జాబిక్స్‌లో అలర్ట్స్ కింద మీడియా టైప్స్‌లో టెలిగ్రామ్ ముందే ఉంటుంది. టోకెన్ గడి నింపి, ఎనేబుల్ చెయ్యండి. మిల్లు పేరుతో టెలిగ్రామ్ గ్రూపు పెట్టి, బాట్‌ని చేర్చి, గ్రూపు చాట్ ఐడీని యూజర్ మీడియాలో ఇవ్వండి. గ్రూపు ఐడీ మైనస్ గుర్తుతో మొదలవుతుంది, ఆ మైనస్ వదిలేస్తే మెసేజ్ పోదు. గ్రూపు పెరిగి సూపర్‌గ్రూపుగా మారితే ఐడీ మారిపోతుంది. నిన్నటిదాకా వచ్చిన అలర్టులు ఆగాయంటే అది చూడండి.

తర్వాత యాక్షన్స్‌లో ట్రిగ్గర్ యాక్షన్. ముందే ఉన్న యాక్షన్ డిసేబుల్ అయి ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేసి తీవ్రత యావరేజ్, ఆపైన మాత్రమే అన్న షరతు పెట్టండి. దశలు కూడా ఇవ్వొచ్చు. మొదటి మెసేజ్ సిస్టం చూసే మనిషికి, 10 నిమిషాల్లో ఎవరూ అక్నాలెడ్జ్ (చూశానని) కొట్టకపోతే యజమానికి. యజమాని కోసం విడి యూజర్ సృష్టిస్తే, ఆ యూజర్ గ్రూపుకి మిల్లు హోస్ట్ గ్రూపు చూసే హక్కు ఇవ్వాలి. హక్కు లేని యూజర్‌కి జాబిక్స్ అలర్టు పంపదు, పంపలేదని చెప్పదు కూడా.

యూజర్ మీడియాలో ఏ వేళల్లో పంపాలో ఇచ్చే గడి ఉంటుంది. మామూలు నెలల్లో పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా చాలు. కోతల్లోనూ, తర్వాత ఎడగారు (రబీ తర్వాత వేసే పంట) ధాన్యం దిగేటప్పుడూ 24 గంటలకి మార్చండి.

ఆపి చూడండి

మధ్యాహ్నం కాటా మీద బండి లేని సమయం చూసుకుని, గుమస్తాకి ముందే చెప్పి, డేటాబేస్ సర్వీసుని ఆపండి. నాలుగైదు నిమిషాల్లో గ్రూపులో మెసేజ్ పడాలి. స్టార్ట్ చేశాక సమస్య తీరిందన్న మెసేజ్ కూడా రావాలి. తర్వాత ఒక పీఎస్‌క్యూఎల్ కిటికీలో బిగిన్ కొట్టి, ఏదో ఒక సెలెక్ట్ నడిపి, ముగించకుండా వదిలెయ్యండి. పది పన్నెండు నిమిషాల్లో మూడో అలర్టు రావాలి. చివరగా నెట్ కేబుల్ ఒక అరగంట పీకి, మళ్ళీ పెట్టి, గ్రాఫులో ఆ అరగంట గీత ఖాళీగా లేకుండా నిండిందో లేదో చూడండి. నిండకపోతే ప్రాక్సీ సెట్టింగులు మళ్ళీ చూసుకోవాలి.

గ్రాఫుల ట్రెండ్స్‌ని (గంటకొకటిగా కుదించి దాచే పాత లెక్కలు) టెంప్లేట్‌లో ఉన్న 365 రోజుల నుంచి 730కి పెంచండి. పోయిన మార్చిలో కనెక్షన్లు ఎంతదాకా పోయాయో, ఈ మార్చిలో ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త మిషన్ కొనాలా వద్దా అన్నది యజమానికి ఊహతో కాకుండా లెక్కతో చెప్పొచ్చు.

అప్‌డేట్లు కోతల మధ్యలో పెట్టుకోకండి. పని పలచగా ఉన్న నెలలో ముందు సర్వర్, తర్వాత ప్రాక్సీ, ఆ తర్వాత ఏజెంట్, ప్లగిన్ కలిపి ఒకేసారి. 7.0 నుంచి పెద్ద వెర్షన్‌కి మారేటప్పుడు ఎస్‌క్యూలైట్ ప్రాక్సీ తన పాత ఫైలుని కొత్త రూపంలోకి మార్చుకోలేదు. దాచుకున్న లెక్కలన్నీ సర్వర్‌కి చేరాయని చూసుకుని, ప్రాక్సీని ఆపి, ఆ ఫైలుని తీసేసి స్టార్ట్ చేస్తే కొత్తది సృష్టించుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి జాబిక్స్ గెట్‌తో పింగ్ అడిగి, 1 వచ్చాకే అక్కడి నుంచి కదలండి.